తొమ్మిదింటికి హోంవర్కా?

ప్రశ్న: పాప నాలుగో తరగతి, బాబు రెండు. నాలుగున్నరకు బడి నుంచి వస్తారు. ఇంట్లో వాళ్ల నానమ్మ ఉంటారు. మేమిద్దరం ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. హోంవర్కు తొమ్మిదికి మొదలై ఏడుపులతో ముగుస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఆ వేళకు పిల్లలకు కావాల్సింది పెన్సిలు కాదు, పక్క. నిద్రమత్తులో పది నిమిషాల పని గంట పడుతుంది. అలాగని బడి నుంచి రాగానే కూర్చోబెట్టొద్దు. ఏదైనా తిని, ఆరింటిదాకా ఆడుకోనివ్వండి. ఆరింటికి పాపను, మరో పావుగంటకు బాబును కూర్చోబెట్టమనండి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే తమ్ముడు ముందే ముగించి అక్కను కదిలిస్తాడు. బాబుకు 15 నిమిషాలు, పాపకు 30 చాలు. నానమ్మ ముందు చూచిరాత, ఎక్కాలు అయిపోవాలి; అర్థంకాని లెక్కల పక్కన చుక్క పెట్టి ఉంచితే చాలు. మీరొచ్చాక ఆ చుక్కలే చూడండి. బాబు పాఠం పైకి చదువుతుంటే మీరు కూర తరుక్కోవచ్చు. శుక్రవారం ఇచ్చింది శనివారం పొద్దున్నే, టిఫిన్ కాగానే. ఆదివారం రాత్రికి నెట్టారో, మళ్లీ పాత కథే.

ఇంత చేసినా తెమలకపోతే పని ఎక్కువిస్తున్నారన్నమాట. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్కే ఉండకూడదు. మూడు నుంచి ఐదు వరకు వారానికి 2 గంటలు మించకూడదు. రోజూ ఎంతసేపు పడుతోందో ఓ వారం డైరీలో రాసి, టీచరుకు చూపించండి.