మలావీ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు ఆఫ్రికాలోని మలావీలో పిల్లల టీకాల పనికి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, గర్వం సగం, టెన్షన్ సగం. ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా కొండలెక్కినదాన్ని, చెప్పకుండా ఉండలేను.

దోమతెర లేకుండా పడుకోకు. టీకాల్ని చల్లగా ఉంచే ఐస్ ప్యాకుల లెక్క వాళ్లే నేర్పుతారు. అక్కడి భాష చిచేవాలో "మూలి బ్వాంజి" అని పలకరించు, బాగున్నారా అని.

ఇక అసలు సంగతి. 1991లో ఒక బుధవారం, పొద్దు వాలుతోంది. తట్టు టీకాకని ఒకామె రెండు కొండలు దిగి వచ్చింది, వీపున తొమ్మిది నెలల పాప. వయల్, అంటే టీకా మందు సీసా, విప్పితే పదిమందికి సరిపోతుంది. కలిపాక ఆ పూటే వాడాలి, మిగిలింది పారబొయ్యాలి. వృథా లెక్క చెప్పాలంటే నాకు భయం. "వచ్చే వారం రా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పాపను కట్టుకున్న గుడ్డ ముడి బిగించి వెళ్లిపోయింది. తర్వాతి బుధవారం రాలేదు, ఆపైనా రాలేదు. నెలకి నేనే వెళ్తే, కూలికి వలసపోయారన్నారు. రిజిస్టర్‌లో ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. కొంత వృథా అవుతుందని లెక్కేసే వయల్స్ పంపుతారని నాకు ఆలస్యంగా తెలిసింది. అంత బుద్ధితక్కువదాన్ని.

2024లో లోకంలో ఒక్క టీకా కూడా అందని పసివాళ్లు 1 కోటి 43 లక్షలని చదివినప్పుడు, ఆ గడే కళ్ల ముందు మెదిలింది. నువ్వు మాత్రం ఒక్క బిడ్డొచ్చినా వయల్ విప్పు. ఎవరైనా అరిస్తే అరవనీ.

మలావీలో మలేరియా టీకా 2019లోనే మొదలైంది. నాలుగో డోసు నాటికి బిడ్డ నడుస్తుంటాడు, తల్లికి చేలో పనుంటుంది. రాలేదని తిట్టకు, ఇంటికెళ్లు.

2023లో అక్కడి పిల్లలకు వేసిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌ది. గొప్పలు పోకు, 2021లో కరోనా టీకా ఎగుమతులు ఆపింది కూడా మన దేశమే. ఆ మే నెలలోనే గడువు తీరిన దాదాపు 20 వేల డోసుల్ని మలావీ అందరూ చూస్తుండగా కాల్చేసింది, పాతవి వేయడం లేదని జనం నమ్మాలని. నేనేమో తొమ్మిది డోసులకి వెనకాడాను.

మీ అమ్మ పెట్టిన రగ్గు బరువని తీసెయ్యకు. జూన్, జూలైల్లో అక్కడ చలి.

మీ అత్త