ఏసీ యూనిట్ పక్కన రెయిలింగ్‌లో సందు: 4 అంగుళాలా, 21 అంగుళాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమెరికాలో ఒక ఆఫీసు భవనం పైకప్పు మీద, అంచుకు 7 అడుగుల దూరంలో ఏసీ యూనిట్ పెడుతున్నారు. దాని పక్కన అంచు వెంబడి పైన ఒకటి, మధ్యలో ఒకటి చొప్పున రెండు అడ్డ గొట్టాలతో రెయిలింగ్ గీసి పంపగా, ప్లాన్ పరిశీలించినవారు "4 అంగుళాల బంతి దూరే సందు ఉండకూడదు" అని రాసి తిప్పి పంపారు. ఊచలు పెట్టించాలా, మీ డ్రాయింగే సరైనదని వాదించాలా అని అడిగారు. ఒక మెకానికల్ కాంట్రాక్టర్ దగ్గర చాలా ఏళ్లుగా ఇలాంటి డ్రాయింగులే గీస్తున్నాను కాబట్టి, నేను నేర్చుకున్నదీ, ఒకసారి పొరపాటు చేసి నేర్చుకున్నదీ రాస్తున్నాను.

మరమ్మతు పనివాళ్లు తప్ప మరెవరూ ఆ చోటికి వెళ్లే వీలు లేకపోతే మీ డ్రాయింగ్ సరైనదే. అమెరికా నగరాలు అమలు చేసే నమూనా భవన నియమావళి అయిన ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ 1015.4 సెక్షన్‌లో మామూలు నియమం 4 అంగుళాలే. 36 నుంచి 42 అంగుళాల ఎత్తు మధ్య అది 4⅜ అంగుళాలు అవుతుంది. అయితే విద్యుత్, మెకానికల్, ప్లంబింగ్ పరికరాల దగ్గరికి వెళ్లడానికీ వాటిని వాడటానికీ మాత్రమే ఉద్దేశించిన ఎత్తైన నడక తలాలకు అదే సెక్షన్ మినహాయింపు ఇచ్చి, 21 అంగుళాల బంతి దూరకుండా ఉంటే చాలునంటుంది. ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్ 304.11 చెప్పేదీ ఇదే: పరికరం అంచుకు 10 అడుగుల లోపు ఉండి, అంచు నుంచి కింది తలానికి 30 అంగుళాలకు మించి లోతు ఉంటే రెయిలింగ్ కావాలి, అది 42 అంగుళాలకు తగ్గని ఎత్తులో, పరికరానికి రెండు వైపులా 30 అంగుళాలు దాటి సాగాలి, 21 అంగుళాల బంతి దూరకూడదు. ఈ 30 అంగుళాల పొడిగింపును మరిచిపోయేవారు చాలామంది. మీ డ్రాయింగ్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఈ రెండు అంకెలకు ఇంత తేడా ఎందుకన్నది తెలిస్తే వాదన తేలికవుతుంది. 4 అంగుళాల నియమం చిన్నపిల్లల కోసం పెట్టింది. పసిబిడ్డ శరీరం ఊచల సందులోంచి జారిపోకుండా ఆపడం దాని పని. ఏసీ యూనిట్ దగ్గరికి పసిబిడ్డ రాదు, పనిముట్లు పట్టుకున్న పెద్ద మనిషి వస్తాడు. అతను తూలితే నడుము దగ్గర పై గొట్టం, మోకాళ్ల మీద పడితే మధ్య గొట్టం ఆపాలి. 42లో సగం 21. అంటే పరికరం ఏదన్నది కాదు, ఆ తలం మీద ఎవరు నడుస్తారన్నదే సందును నిర్ణయిస్తుంది.

అందుకే ప్లాన్ పరిశీలకుడు ఊరికే అడ్డుపడుతున్నారని అనుకోవద్దు. నేను చేసిన ఒక భవనంలో అదే పైకప్పు మీద ఉద్యోగులు కూర్చునే డాబా కూడా ఉంది. డాబాకూ యూనిట్లకూ మధ్య ఏ అడ్డూ మేము చూపలేదు. ఇన్‌స్పెక్టర్ డాబా తలుపు తీసుకుని నేరుగా యూనిట్ దాకా నడిచి వచ్చి, "నేను రాగలిగితే పిల్లలూ రాగలరు" అన్నారు. ఆయన మాట న్యాయమైనది. మధ్యలో తాళం వేసే గేటుతో కంచె కట్టాక గాని 21 అంగుళాలకు ఒప్పుకోలేదు.

ఇక నా పొరపాటు. 16 అడుగుల రెయిలింగ్‌ను రసమట్టం పెట్టి సమంగా గీశాను. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ పైకప్పు నీరు పారడానికి అడుగుకు పావు అంగుళం చొప్పున వాలుతుంది. ఎగువ కొనలో పై గొట్టం 42, మధ్య గొట్టం 21 అంగుళాల ఎత్తులో ఉంటే, దిగువ కొనకు వచ్చేసరికి అవి 46, 25 అయ్యాయి. ఎత్తు పెరగడం తప్పు కాదు గాని, మధ్య గొట్టం కింద దాదాపు 24 అంగుళాల ఖాళీ మిగిలింది. మా ఫోర్‌మన్ ప్లైవుడ్‌తో 21 అంగుళాల గుండ్రటి బిళ్ల కోసి తెచ్చి, ఎగువ కొన నుంచి ఒక్కో చోటా ఆనించి చూస్తూ వచ్చాడు. మొదట గొట్టానికి తగిలి ఆగిన బిళ్ల, దిగువన చేతిలోంచి జారి అవతలికి వెళ్లిపోయింది. అది చూశాక నాకు చాలాసేపు నోట మాట రాలేదు, ఎందుకంటే ఆ చోటే యూనిట్ ఫిల్టర్ తలుపు ఎదురుగా ఉంది. దిగువ సగానికి మూడో గొట్టం వెల్డ్ చేయించాం. అప్పటి నుంచి రెయిలింగ్‌ను వాలు వెంబడే గీస్తున్నాను. రెయిలింగ్ కొనకూ గోడకూ మధ్య మిగిలే నిలువు సందును కూడా అదే బిళ్లతో చూస్తాం.

భవనం కోడ్ తృప్తిపడినంత మాత్రాన పని పూర్తి కాదు, ఎందుకంటే అక్కడ పనిచేసేవారికి ఓషా (అమెరికా కార్మిక భద్రతా సంస్థ) నియమాలు కూడా వర్తిస్తాయి. వాటిలో 1910.29 సెక్షన్ ప్రకారం పై గొట్టం 42 అంగుళాలకు 3 అటూ ఇటూగా ఉండి (మిగతా షరతులన్నీ తీరితే 45 దాటినా చెల్లుతుంది), 200 పౌండ్ల బలాన్ని తట్టుకోవాలి. మధ్య గొట్టం సరిగ్గా నడిమి ఎత్తులో ఉండాలి. దాని బదులు నిలువు ఊచలు పెడితే వాటి మధ్య 19 అంగుళాలకు మించకూడదు. 21 అంగుళాలకు ఊచలు అమర్చి బిల్డింగ్ కోడ్‌లో నెగ్గి, ఇక్కడ చిక్కుకునే అవకాశం ఉంది.

రెయిలింగ్ మానేసి, పైకప్పు ఉన్నంతకాలం ఉండే శాశ్వత యాంకర్లు (పనివాడు తన తాడు తగిలించుకునే కొక్కేలు) పెట్టుకునే మినహాయింపు కూడా కోడ్‌లో ఉంది. నేను మాత్రం దాన్ని సిఫారసు చేయను. పది నిమిషాల ఫిల్టర్ పనికి హార్నెస్ తొడుక్కుని తాడు తగిలించుకునే టెక్నీషియన్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

మీరు పంపే జవాబులో ముందుగా మీ నగరం అమలు చేస్తున్న కోడ్ సంచికనూ, స్థానిక సవరణలనూ చూసి, అందులోని మినహాయింపు సెక్షన్ నంబరు రాయండి. పైకప్పు మీదికి వెళ్లే దారి ఏది, ఆ తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నది ప్లాన్ మీదే చూపండి. వాలు వెంబడి రెయిలింగ్ గీసిన ఎలివేషన్ (ఎదురుగా నిలబడి చూసినట్టు గీసే డ్రాయింగ్) ఒకటి జతచేసి, రెండు కొనల దగ్గరా సందు కొలతలు వేయండి.