నాన్న ఆర్‌ఎక్స్ 100 బాగు చేయించాలి... చీటీ పాడేయనా?

ప్రశ్న: మాది కావలి. వయసు 36. ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. నా జీతం, మా ఆవిడ కుట్టుపని కలిపి నెలకు 41 వేలు. ఇంటి ఖర్చు 28 వేలు, చీటీ 5 వేలు, ఆర్‌డీ 3,500 పోగా 4,500 మిగులుతోంది. ఎఫ్‌డీ 1,10,000 ఉంది. జూన్‌లో పిల్లల ఫీజులు 45 వేలు, అవి ఆర్‌డీ నుంచి కడతాం. మా నాన్న కొన్న 1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 వరండాలో పట్టా కప్పి ఉంది. ఆయన 2021లో పోయారు. రిజిస్ట్రేషన్ గడువు 2017 మేతో తీరింది. మెకానిక్ 70 వేలు అవుతుందన్నాడు: ఇంజన్ 22 వేలు, టైర్లు 5,500, వైరింగ్, బ్యాటరీ, లైట్లు, బ్రేకులు 7 వేలు, రంగు 12 వేలు, క్రోమ్, రిమ్ములు 14 వేలు, సైలెన్సర్ 5 వేలు, సీటు, చిల్లర సామాను 4,500. ఆదివారాల్లో నేనే కొంత చేసుకోగలను. చేయిస్తే లక్షన్నర పలుకుతుందని మా బావమరిది అంటున్నాడు. రెండు రూపాయల వడ్డీకి డబ్బు ఇప్పిస్తాడట. లేదంటే లక్ష రూపాయల చీటీ (20 నెలలది, ఇది ఆరో నెల) పాడేస్తే 80 వేలు వస్తాయి. ఏది మేలు?

జవాబు: మీ జాబితాలో ఇంజన్ ఉంది, రంగు ఉంది, క్రోమ్ ఉంది. సీబుక్ (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం) ఖర్చు లేదు. మొత్తం ఖర్చులో ఒక్కటిగా పెద్దది అదే కావచ్చు. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించాలి. ఆలస్యమైతే మోటార్ సైకిల్‌కు నెలకు 300 రూపాయల అదనపు రుసుము కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. మీ గడువు 2017 మేలో తీరింది. 2026 మే నాటికి 108 నెలలు, అంటే 32,400. దీనిపైన, 20 ఏళ్లు దాటిన మోటార్ సైకిళ్ల రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 2,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 2022 జూన్ నుంచి 714, జీఎస్టీతో 843. పొల్యూషన్ సర్టిఫికెట్, పేరు మార్పు ఫీజు చిన్నవే. అన్నీ కలిపి 40 వేలు పక్కన పెట్టుకోండి. కచ్చితమైన అంకె చలానాలో వచ్చేదే. అంటే మీ ప్రాజెక్టు 70 వేలది కాదు, 1,10,000ది. మీ ఎఫ్‌డీ అంతా కలిపితే ఎంతో అంత.

బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. యజమాని చనిపోతే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 పెట్టాలి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారూ తోబుట్టువులూ అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు కావాలి. అక్కాచెల్లెళ్ల సంతకాలు బండి తుప్పు పట్టి ఉన్నప్పుడే తీసుకోండి. మెరిశాక అడిగితే మాట వేరుగా ఉంటుంది. సీబుక్‌లో ఫైనాన్స్ కంపెనీ ముద్ర కొట్టేయకుండా మిగిలి ఉందేమో చూడండి. ఉంటే అప్పు తీరిందని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 లేకుండా పని కదలదు. 1992 నాటి పుస్తకం వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయో లేదో కూడా అడగండి. ఎక్కకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజన్ మీద, ఛాసిస్ (ఫ్రేము) మెడ దగ్గర నంబర్లను కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. సీబుక్‌తో అక్షరం అక్షరం పోల్చండి. ఈ మోడల్‌కు ఎప్పుడో ఇంజన్లు మార్చేసిన బండ్లు చాలా తిరుగుతున్నాయి. నంబరు కలవకపోతే అక్కడితో ఆపేయండి. ఆ ముడి విడేదాకా స్పార్క్ ప్లగ్ కూడా కొనొద్దు. నంబరు ఉన్నచోట గ్రైండర్ గానీ పుట్టీ గానీ తగలనివ్వొద్దని పెయింటర్‌కు ముందే చెప్పాలి.

ఇక డబ్బు. రెన్యువల్‌కు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని చూస్తారు కాబట్టి అది స్టార్ట్ అవ్వాలి, బ్రేకు పట్టాలి, లైట్లు వెలగాలి, హారన్ మోగాలి. కొత్తదిలా మెరవాల్సిన పని లేదు. మీరు నెమ్మదిగా చేసుకుంటే ఆలస్య రుసుము నెలకు 300 పెరుగుతుంది, నిజమే. మీ బావమరిది చెప్పిన 70 వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,400. ఆగడానికి 300, తొందరపడటానికి 1,400. ఇంతకంటే తేలికైన లెక్క ఉండదు.

చీటీ పాడటం వడ్డీ లేని డబ్బులా కనిపిస్తుంది, కాదు. చేతికొచ్చే 80 వేలలో 30 వేలు మీరు ఈ ఆరు నెలలూ కట్టినవే. నిజంగా అప్పు 50 వేలు. దానికి మిగిలిన 14 నెలల్లో 70 వేలు కడతారు. డివిడెండు (పాటలో తగ్గిన సొమ్ములో మీ వాటా) సగటున నెలకు 500 వచ్చిందని వేసుకున్నా రెండు రూపాయల వడ్డీ కంటే తక్కువ పడదు. చీటీని చివరి నెలల దాకా వదిలేయండి. అది 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో మాత్రం ఈలోపు కనుక్కోండి. ఊళ్లో తెలిసినాయన నడిపే చీటీ అయితే బండి కంటే ముందు ఆలోచించాల్సింది దాని గురించే.

ఎఫ్‌డీలో మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 84 వేలు ముట్టుకోవద్దు. పైనున్న 26 వేలు కాగితాల ఖర్చుకు వాడొచ్చు, అదీ బండి స్టార్ట్ అయ్యాకే. మిగిలే 4,500లో 4,000 నెలనెలా వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. మే, జూన్ నెలల్లో ఆపండి, ఫీజుల టైములో ఆర్‌డీకి ఎక్కడో ఓ చోట తక్కువ పడుతుంది. ఆ ఖాతాలో ఎంత ఉంటే అంతవరకే బండి విప్పాలి. ఇళ్లల్లో మొదలైన ప్రాజెక్టులు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఒక్క ఆదివారం ఉత్సాహంగా మొత్తం ఊడదీస్తారు, ఆరు నెలలకు డబ్బు సమకూరేసరికి ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు, సగం సామాను మళ్లీ కొంటారు. విప్పే ముందు ఫోటో తీసి, ప్రతి భాగం బోల్టులూ విడి కవర్లో వేసి పేరు రాయండి.

మొదటి విడతలో ఇంజన్, టైర్లు, బ్రేకులు, వైరింగ్. ఇంజన్ దించడం, విప్పడం, కడగడం మీరే చేస్తే 22 వేల అంచనాలో బయట ఇవ్వాల్సింది 15 వేల దాకా ఉంటుంది. టైర్లు, వైరింగ్ 12,500. పనిముట్లకు 4 వేలు: మ్యాగ్నెట్ (ఇంజన్ పక్కన తిరిగే అయస్కాంత చక్రం) ఊడదీసే పుల్లర్, సర్‌క్లిప్ ప్లయర్, ఫీలర్ గేజ్, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్. ఈ చివరిది లేకుండా క్రాంక్ కేసు (ఇంజన్ కింది పెట్టె) స్క్రూల జోలికి పోవద్దు. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తలలు అరిగిపోతాయి, తర్వాత లేత్ షాపులో డ్రిల్ చేసి తీయించాలి. మ్యాగ్నెట్‌ను స్క్రూడ్రైవర్‌తో ఎత్తడం, సుత్తితో కొట్టడం కూడా అంతే. మొత్తం 31,500, అంటే ఎనిమిది నెలల పొదుపు.

హెడ్, బోరు (పిస్టన్ కదిలే సిలిండర్) తీయగానే పిస్టన్ తల మీద అంకె చూడండి. స్టాండర్డ్ బోరు 50 మి.మీ. పిస్టన్లు 0.25 చొప్పున 1 మి.మీ. దాకా పెద్ద సైజుల్లో వస్తాయి. 25, 50 అని ఉంటే ఇంకా బోరు చేయించుకునే అవకాశం ఉంది. 100 అని ఉంటే కొత్త స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) వేయించాలి, ఆ ఖర్చు మీ జాబితాలో లేదు. పిస్టన్ ముందు కొని, దాన్ని లేత్ ఆయన చేతిలో పెట్టాకే బోరు కొట్టించాలి. బోరు చేసి దానికి సరిపోయే పిస్టన్ వెతుక్కోవడం తలకిందుల పని. పిస్టన్‌కూ బోరుకూ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతులు మూడు నాలుగు మాత్రమే. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు నున్నగా చాంఫర్ చేశారో (పదును పోయేలా అరగదీశారో) లేదో వేలితో తడిమి చూడండి. గోరుకు గీరుకుంటే రింగుకూ గీరుకుంటుంది. రింగు విరిగితే మీ 15 వేల పని వారంలో మొదటికొస్తుంది. చాలామంది ఈ ఒక్కటీ చేయకుండానే ఇచ్చేస్తారు.

పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగండి. పక్కలకు కదిలితే ఫర్వాలేదు, పైకీ కిందికీ ఏ మాత్రం ఆడినా క్రాంక్ విప్పాలి. అది ప్రెస్ ఉన్న షాపులో చేసే పని. ఇంట్లో సుత్తితో కాదు. క్రాంక్ బాగున్నా రెండు ఆయిల్ సీళ్లూ మార్చండి. ఏళ్ల తరబడి ఆగిన టూ స్ట్రోక్ బండిలో రబ్బరు గట్టిపడి ఉంటుంది. మ్యాగ్నెట్ వైపు సీలు పోతే గాలి లాగుతుంది, పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి ఇంజన్ తనంతట తానే అరుస్తుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్‌ను లోపలికి లాగి తెల్లటి పొగ ఆగకుండా వదులుతుంది, పొల్యూషన్ పరీక్షలో బండి తప్పుతుంది. రెండు సీళ్లూ కొన్ని వందలే. వాటిని మార్చకుండా బోరుకు వేలు పోయడంలో అర్థం లేదు.

ఇంజన్‌కు ఆయిల్‌ను తనంతట తానే అందించే ఆటోల్యూబ్ పంపును మీ బండిలో ఎప్పుడో పీకేసి ఉండొచ్చు. అలా పీకేసి ఉంటే లీటరు పెట్రోలుకు 25 మి.లీ. 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపాలి. కొత్త బోరుకు మొదటి 500 కి.మీ. 33 మి.లీ. కలిపి, బండిని లాగకుండా నడపండి. పంపు ఉంటే దాని ట్యూబులో గాలి పోయేదాకా ఆయిల్ వదిలాకే స్టార్ట్ చేయాలి. ఆ మొదటి ట్యాంకులో కూడా ఆయిల్ కలపడం భద్రం.

ట్యాంకు లోపల తుప్పు తప్పకుండా ఉంటుంది. బాత్రూమ్ యాసిడ్ పోయొద్దు. తుప్పుతో పాటు రేకునూ తింటుంది, ఆరీ ఆరకముందే మళ్లీ ఎర్రబడుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ వాడి, వంటసోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి వెంటనే పెట్రోలులో 2టీ ఆయిల్ కలిపి తిప్పండి. చిల్లు కనిపిస్తే వెల్డింగ్ ఇంట్లో పెట్టుకోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి చాలు పేలడానికి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపు, కార్బొరేటర్ వాషర్లు అన్నీ కొత్తవే వేయండి.

రిమ్ముల్ని మీ మెకానిక్ క్రోమ్‌తో కలిపి రాశాడు, కానీ అది సోకు పని కాదు. సముద్రపు గాలి తగిలే ఊరు మీది. టైరు తీసి రిమ్ము లోపలి వైపు, స్పోకుల రంధ్రాల దగ్గర చూడండి. గీకితే పొరలు లేస్తుంటే మొదటి విడతలోనే మార్చేయండి. ఆ మేరకు మరో నెలో రెండు నెలలో పొదుపు చేయాలి.

బండి స్టార్ట్ అవగానే బీచ్ రోడ్డు మీద ఓ చుట్టు వేయాలనిపిస్తుంది. బీమా లేకుండా వద్దు. 2,000 జరిమానా చిన్నది. ఎవరికైనా తగిలి ట్రిబ్యునల్ పరిహారం వేస్తే అది మీ జీతం నుంచే పోవాలి. ఇన్‌స్పెక్షన్‌కు ట్రాలీ ఆటోలో తీసుకెళ్లండి.

రంగు, క్రోమ్, సీటు, సైలెన్సర్ 35,500 రెండో విడత, కొత్త సీబుక్ మీ పేరున వచ్చాకే. రంగు పనిని అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య మాత్రం పెట్టుకోవద్దు. మన వైపు ఈశాన్య రుతుపవనాల తేమకు పెయింటు పాలిపోయి తెల్లగా మసకబారుతుంది. సీబుక్‌లో ఏ రంగు రాసి ఉందో అదే వేయండి, మారిస్తే దానికీ అనుమతి కావాలి. సామాను కోసం చెన్నై పుదుపేట వెళ్లేవాళ్లు పాత పార్టు చేతిలో పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకోవాలి. కంపెనీ ముద్ర ఉన్న డబ్బాను చూసి కొనొద్దు.

ఇక లక్షన్నర మాట. అమ్మకానికి పెట్టినవాళ్లు చెప్పే ధర వేరు, చేతికొచ్చే ధర వేరు. ఖర్చే 1,10,000 అవుతున్నప్పుడు, సుమారు రెండేళ్ల ఆదివారాలు కలిపితే మిగిలేది కూలి కూడా కాదు. ఇది పెట్టుబడి కాదు, మీ సరదా ఖర్చు. అలా అనుకుని చేస్తే నెలకు 4,000 మీ ఆదాయంలో పదో వంతు లోపే, తప్పేమీ లేదు. పన్ను సంగతి అడగలేదు గానీ చెబుతాను: సొంతానికి వాడుకునే మోటార్ సైకిల్ ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో వ్యక్తిగత వస్తువు, అమ్మితే లాభం వచ్చినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. ఇది చూసి బావమరిదితో కలిసి రెండోది, మూడోది కొని బాగుచేసి అమ్మడం మొదలుపెడితే అది వ్యాపార ఆదాయం, లెక్కలు రాయాల్సిందే.