అమ్మ నడవలేదు, డెత్ వ్యాలీ చూపించగలమా?

ప్రశ్న: డిసెంబరులో గుంటూరు నుంచి అమ్మానాన్న మా దగ్గరికి వస్తున్నారు. లాస్ వేగాస్ వెళ్ళినప్పుడు ఒక రోజు కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకి పెట్టుకుందామని ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. నాన్నేమో అక్కడ రేస్‌ట్రాక్ అనే ఎండిన సరస్సు నేల మీద కదిలే రాళ్ళు చూడాల్సిందే అంటున్నారు. ఒక్క రోజులో ఏవేం చూడొచ్చు? – ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: తప్పకుండా తీసుకెళ్ళండి. అమ్మగారు కారు దిగి పది అడుగులు వేయగలిగితే చాలు, ఈ పార్కులో గొప్ప చోట్లు చాలావరకు తారు రోడ్డు పక్కనే ఉన్నాయి. నెల కూడా మంచిదే ఎంచుకున్నారు. ఇదే మీరు జులైలో అడిగుంటే వద్దనేదాన్ని, ఎందుకంటే 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదై ఇప్పటికీ ప్రపంచ రికార్డుగా ఉన్నది ఇక్కడి ఫర్నెస్ క్రీక్‌లోనే, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళకు కూడా అది వేరే లెక్క.

పొద్దున్నే బయల్దేరి దారిలో పహ్రంప్ ఊళ్ళో పెట్రోలు నింపుకోండి. ముందు కొండ మీది డాంటేస్ వ్యూకి పోనివ్వండి. దాదాపు 5,500 అడుగుల ఎత్తు, చివర్లో రోడ్డు బాగా నిటారుగా ఉంటుంది కానీ కారు పైదాకా వెళ్తుంది, పార్కింగ్ దగ్గర నిలబడితేనే లోయంతా కనిపిస్తుంది. పైన చలి, స్వెటర్లు చేతిలో ఉంచుకోండి. అక్కడినుంచి కింద తెల్లగా పరుచుకున్న ఉప్పు మైదానాన్ని అమ్మగారికి చూపించి, మధ్యాహ్నం మనం నిలబడేది అక్కడే అని చెప్పండి. నేను ఈ వరుస మీద పట్టుబట్టేది అందుకే, పైనుంచి చూశాక దిగితేనే ఆ లోతు ఎంతో అర్థమవుతుంది.

దిగేటప్పుడు దారిలోనే జాబ్రిస్కీ పాయింట్ వస్తుంది. పసుపు, గోధుమ రంగు మట్టి గుట్టలు, ఎప్పుడో ఎండిపోయిన సరస్సు అడుగున పేరుకున్న బురద అది. చిన్న ఎక్కుడు దారి ఉంది, పక్కా దారే, అయినా మోకాళ్ళకు కష్టమనిపిస్తే అమ్మగారిని ఇక్కడ బలవంతపెట్టొద్దు.

ఫర్నెస్ క్రీక్‌లో భోజనం కానిచ్చి, పైనుంచి చూసిన ఆ ఉప్పు మైదానం బ్యాడ్‌వాటర్‌కి వెళ్ళండి. సముద్ర మట్టానికి 282 అడుగుల కిందకి వచ్చేస్తారు, ఉత్తర అమెరికాలో ఇంతకంటే పల్లపు నేల లేదు. కారు ఆపాక తల ఎత్తి వెనక కొండ చూడండి, సముద్ర మట్టం ఎక్కడిదాకా ఉంటుందో అంత ఎత్తున బోర్డు పెట్టారు, నాన్నగారికి అది భలే నచ్చుతుంది. కొండల మీంచి వచ్చిన నీళ్ళకు బయటికి పోయే దారి లేదు, ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది, వేల ఏళ్ళుగా ఇదే జరుగుతోంది. 2023 ఆగస్టులో హిల్లరీ తుపాను వానలకు ఇక్కడ సరస్సే నిలిచి కొన్ని నెలలు ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆర్టిస్ట్స్ డ్రైవ్‌లోకి తిరగండి. తొమ్మిది మైళ్ళ వన్ వే, బ్యాడ్‌వాటర్ వైపు నుంచే లోపలికి ప్రవేశం, పైగా సాయంత్రం ఎండ పడితేనే ఆ కొండల ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగులు తేలతాయి. అవన్నీ అగ్నిపర్వత బూడిదలోని ఖనిజాల రంగులు. అమ్మగారు సీట్లోంచి లేవకుండానే చూడొచ్చు, ఈ ఒక్క దారి కోసమైనా వెళ్ళొచ్చంటాను. డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దు వాలిపోతుంది, ఆలస్యం చేయకండి.

రేస్‌ట్రాక్ మాత్రం ఈసారికి వద్దు. యుబెహీబీ క్రేటర్ దాటాక 27 మైళ్ళ గతుకుల మట్టి రోడ్డు, పదునైన రాళ్ళకు టైర్లు చీలతాయి, ఫోను సిగ్నల్ ఉండదు. పెద్దవాళ్ళను పెట్టుకుని అంత టెన్షన్ ఎందుకు? రాళ్ళ సంగతి దారిలో నాన్నగారికి చెప్పండి: చలికాలం రాత్రి పలచని నీటిపొర గడ్డకడుతుంది, పగలు ఆ మంచు పలకలుగా విరిగి, చిన్నపాటి గాలికే కదులుతూ రాళ్ళను తోసుకుపోతుంది. పరిశోధకులు దీన్ని కళ్ళారా చూసి 2014లో ప్రకటించారు.

మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు, ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకోండి. వరదలకు రోడ్లు మూసేయడం ఇక్కడ మామూలే కాబట్టి ముందురోజు పార్క్ వెబ్‌సైట్ చూసుకునే బయల్దేరండి.