ముందు లెక్కల పుస్తకం తెరువు

చిరంజీవి చిన్నికి,

నీ ఉత్తరం రాత్రి రెండుసార్లు చదివాను. నవల పూర్తయిందనీ, సొంత ప్రచురణ సంస్థ పెట్టి నువ్వే వేసుకుంటాననీ, జకార్తాలోనే చికినీ పేటలో నాటకం రిహార్సల్స్ మాత్రం మానననీ రాశావు. మీ అమ్మకు దిగులుగా ఉంది. నాకు లేదు. జకార్తాలో పుట్టి పెరిగినదానివి, ఇండోనేషియా భాషలో కాక ఇంకెందులో రాస్తావు? కానీ ముప్ఫై ఏళ్లు ఇక్కడి ప్రచురణ సంస్థల్లో ప్రూఫులు దిద్దినదాన్ని కనుక ఒక మాట చెప్పక తప్పదు. నీలో ఉన్న ముగ్గురిలో రచయిత్రినీ నటినీ అందరూ మెచ్చుకుంటారు. ప్రచురణకర్త ఊసు ఎవరూ ఎత్తరు. ఆ ఇద్దరినీ ఎవరి ముందూ చేయి చాచకుండా నిలబెట్టేది ఆమే.

ఇక్కడి రచయిత్రి దేవీ లెస్తారి 2001లో, పాతికేళ్ల వయసులో, 'సూపర్‌నోవా' మొదటి నవలను ట్రూడీ బుక్స్ పేరుతో స్వయంగా వేసుకున్నారు. అప్పటికే గాయనిగా ఆమెకు పేరుంది. ఆ పేరు వల్లే నెగ్గుకొచ్చారనుకోకు. పేరు చూసి మొదటి పుస్తకం కొంటారేమో గానీ, ఆ వరుస 2016లో ఆరో పుస్తకంతో ముగిసేదాకా పాఠకులను కూర్చోబెట్టింది రాత. నీ నాటకం చూసి చప్పట్లు కొట్టినవాళ్లు బయట బల్ల మీద నీ పుస్తకం కొంటారు, సంతోషం. ఆ అమ్మకాన్ని నవలకు దక్కిన తీర్పుగా మాత్రం తీసుకోకు. నిన్ను ఎప్పుడూ చూడని, సురబాయాలోనో మకస్సర్‌లోనో ఉన్న పాఠకురాలు రెండో కాపీ కొని స్నేహితురాలికి ఇచ్చిందంటే, అప్పుడు నమ్ము.

ఇక లెక్క. నీ పుస్తకం వెల 90,000 రుపియా అనుకో. వెయ్యి కాపీలకు కాపీకి 25,000 చొప్పున అచ్చుకే రెండున్నర కోట్లు. దుకాణానికీ పంపిణీదారుకూ సగానికి అటూ ఇటూ పోతే నీ చేతికి వచ్చేది కాపీకి 45,000. ఇక్కడ పుస్తకాలు కన్సైన్‌మెంట్ మీద వెళతాయి, అమ్ముడుపోయినవాటికే డబ్బు. నాలుగు వందలు అమ్ముడయితే వచ్చేది కోటీ ఎనభై లక్షలు. అంటే డెబ్బై లక్షలు నష్టం, ఎడిటర్‌కూ ముఖచిత్రానికీ ఇచ్చింది కలపకుండానే. మిగిలిన ఆరు వందలూ అట్టపెట్టెల్లో తిరిగొస్తాయి. నేను పనిచేసిన ఒక చిన్న సంస్థలో ఆ పెట్టెలు విప్పడం నా పనే. అంచులు పసుపెక్కి, అట్ట మీద ధర చీటీ పీకిన జిగురు మరక, మూల దగ్గర చిన్న మడత. వాటిని కొత్త పుస్తకాలుగా మళ్లీ అమ్మలేం, పారేయడానికి చేయి రాదు. అందుకే ముందుగా ఆర్డర్లు తీసుకో, వచ్చినదాన్ని బట్టి మూడు వందలే వేయించు. చాలకపోతే మళ్లీ వేయించవచ్చు. మిగిలిపోతే మాత్రం చేయగలిగింది ఏమీ లేదు.

పుస్తకానికి గుర్తింపు సంఖ్య, అదే ఐఎస్‌బీఎన్, ఇక్కడి జాతీయ గ్రంథాలయం ఉచితంగానే ఇస్తుంది గానీ, రచయితకు కాదు, ప్రచురణ సంస్థకు. 2022 నుంచి పరిశీలన గట్టిపడింది, కాగితాలు సరిగ్గా పెట్టుకో. పుస్తకం వచ్చాక రెండు కాపీలు అక్కడికి, ఒకటి ప్రాంతీయ గ్రంథాలయానికి ఇవ్వాలని 2018 చట్టం. మరిచిపోవద్దు.

హక్కుల దగ్గర మాత్రం రాయిలా ఉండు. వయసులో ఉన్నప్పుడు నేనొక పిల్లల కథను 'జువల్ పుటుస్' కింద ఇచ్చేశాను, అంటే ఒకేసారి డబ్బు తీసుకుని హక్కులన్నీ వదులుకోవడం. ఆ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది. నాకు ముట్టింది మొదట ఇచ్చిన ఆ డబ్బే. ఒక పుస్తకాల అంగడిలో ఓ పాప దాన్ని పట్టుకుని వాళ్ల నాన్న చొక్కా లాగుతుంటే చూసి, సంతోషించాలో ఏడవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. 2014 కాపీరైట్ చట్టం ప్రకారం ఇప్పుడు అలా అమ్మిన రచనల హక్కు పాతికేళ్లకు రచయితకు తిరిగి వస్తుంది. పాతికేళ్లంటే నీ వయసంత కాలం, తల్లీ. సినిమా హక్కులు అసలే కలిపి ఇవ్వకు, వాటికి వేరే ఒప్పందం ఉండాలి. నువ్వు నటివి కనుక 'పాత్ర నీకే ఇస్తాం' అని హక్కులు తక్కువకు అడుగుతారు. నటనకు పారితోషికం వేరు, కథకు ధర వేరు.

ఇంకొకటి. 1998లో అయూ ఉతామి నవల జకార్తా కళామండలి పోటీలో గెలిచాక, ఆమె వెనకే వచ్చిన యువ రచయిత్రులందరినీ కలిపి 'సస్త్రా వంగి' అన్నారు. సస్త్రా మన శాస్త్రమే, ఇక్కడ సాహిత్యం అని అర్థం. పరిమళ సాహిత్యమట! రాతను వదిలి మనుషుల అందం గురించి మాట్లాడిన పేరది. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం తగ్గలేదు. నిన్నూ అలాగే చూసేవాళ్లు ఉంటారు. అట్ట మీద నీ ఫొటో వేయకు.

నటన మానమని నేను అనను. 1977లో తెయాతర్ కోమా అనే నాటక బృందాన్ని స్థాపించినవారిలో ఒకరైన రత్నా రియాంతియార్నో వేదిక మీద నటిస్తూనే నిర్మాణం పనులూ చూసుకున్నారు. ఆ పద్ధతి నేర్చుకో. ప్రదర్శన ఉన్న వారం ప్రెస్ పని పెట్టుకోకు.

ఆదివారం వచ్చేటప్పుడు మూడు ప్రెస్‌ల కొటేషన్లు తీసుకురా. కాగితం ఎన్ని గ్రాములో, కుట్టు బైండింగో జిగురు బైండింగో అందులో రాయించు. రాతప్రతి మాత్రం ఇప్పుడే పంపు, మొదటి మూడు అధ్యాయాలు ఈలోగా దిద్ది ఉంచుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ