ఎలుక బొచ్చు రంగు నుంచి పసిబిడ్డ జ్వరం దాకా

ఎలుకల బొచ్చు రంగు మారిపోయే జన్యులోపాలను పరిశీలిస్తే మనుషుల వ్యాధుల గురించి ఏం తెలుస్తుందని మీరు అడిగారు. గుంటూరు కొత్తపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను కనుక, నేను దగ్గరగా చూసిన ఒక్క వ్యాధితోనే జవాబు చెబుతాను.

మేనరికపు దంపతుల బిడ్డ ఒకరికి పుట్టుకతోనే జుట్టు వెండిలా మెరిసే బూడిద రంగులో ఉండేది. కోటప్పకొండలో పుట్టువెంట్రుకలు తీయిస్తే నల్లగా వస్తాయనుకున్నారు కానీ, మళ్లీ అదే రంగు వచ్చింది. ఆపైన విడవని జ్వరం, పొట్ట ఉబ్బు. పిల్లల డాక్టరుగారు రక్తంతో పాటు కొన్ని వెంట్రుకలు కూడా పంపారు. మామూలు వెంట్రుకలో రంగు సన్నని పొడిలా సమంగా పరుచుకుని ఉంటుంది. ఈ వెంట్రుకలో మాత్రం అక్కడక్కడ నల్లని గడ్డలు కట్టి, మధ్యమధ్య ఖాళీగా కనిపించింది. తెల్లకణాలలో పెద్ద రేణువులు ఉంటే షెడియాక్-హిగాషి అనే మరో వంశపారంపర్య వ్యాధి అని అనుమానించేవాళ్లం (బీజ్ అనే ఎలుకలలో చెడిపోయేది ఆ వ్యాధికి కారణమైన జన్యువే). అవి లేవు కనుక, జుట్టు ఇలా వెండి రంగులో ఉండే అరుదైన వంశపారంపర్య వ్యాధి గ్రిసెల్లి సిండ్రోమ్ వైపు చూశాం. జన్యుపరీక్షలో రాబ్27ఎ అనే జన్యువులో లోపమని తేలింది.

డైల్యూట్, యాషెన్, లెడెన్ అనే మూడు రకాల ఎలుకలు పైకి ఇంచుమించు ఒకే బూడిద రంగులో ఉంటాయి. వాటిలో రంగు తయారవుతుంది, కానీ కణం అంచు దాకా చేరదు. కణంలోని రంగు సంచి మీద రాబ్27ఎ జన్యువు తయారుచేసే ప్రొటీను ఉంటుంది, దాన్ని మెలనోఫిలిన్ అనే మరో ప్రొటీను పట్టుకుంటుంది, ఆ రెంటినీ మయోసిన్ 5ఎ అనే ప్రొటీను లాక్కుపోతుంది. యాషెన్‌లో మొదటిది, లెడెన్‌లో రెండోది, డైల్యూట్‌లో మూడోది చెడి ఉంటాయి. మనుషులలోనూ అంతే: మయోసిన్ 5ఎ పోతే నరాలు దెబ్బతింటాయి, మెలనోఫిలిన్ పోతే రంగు తప్ప మరే ఇబ్బందీ ఉండదు. రాబ్27ఎ పోతే టి-కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) తమ విషపు రేణువులను బయటికి వదలలేవు, దానితో రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత శరీరం మీదికే విరుచుకుపడుతుంది. యాషెన్ ఎలుకలోనూ, మనుషులలోనూ ఈ జన్యువు ఒకే ఏడాది, 2000లో బయటపడింది. రంగుకూ రోగనిరోధకశక్తికీ ఒకే జన్యువు అవసరమని ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ నాకు మరొకటి కనిపించలేదు.

అయితే ఎలుకను చూసి తీవ్రతను అంచనా వేయకూడదు. యాషెన్ ఎలుక బోనులో మామూలుగానే బతుకుతుంది. ఎల్‌సీఎమ్‌వీ అనే వైరస్ సోకించినప్పుడే దానికి ఈ బిడ్డకు వచ్చినలాంటి జబ్బు వస్తుంది. పిల్లలకు మాత్రం మూలుగ మార్పిడి చేయకపోతే సాధారణంగా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వెండి జుట్టుతో పాటు జ్వరాలు ఉంటే ఆలస్యం చేయకండి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (జబ్బు లేకుండానే లోపమున్న జన్యువును మోస్తుంటే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. లోపం ఏదో ముందే తెలిస్తే తర్వాతి గర్భంలో పరీక్ష చేయించుకోవచ్చు.