మగవారి కాశ్మీరీ చేతికుట్టు శాలువా: కొనేటప్పుడు ఏం చూడాలి, మన దగ్గర ఎలా దాచాలి?

మామగారి షష్టిపూర్తికి చేతికుట్టు కాశ్మీరీ శాలువా పెడదామనుకుంటున్నారు, ఉంగరంలోంచి లాగి చూపిస్తే అసలుదని నమ్మవచ్చా అని అడిగారు. నమ్మకండి. పల్చటి మెరినో (ఒక జాతి గొర్రె) ఉన్ని, ఆఖరికి విస్కోస్ అనే కృత్రిమ బట్ట కూడా ఉంగరంలోంచి జారిపోతుంది. పైగా మగవారి శాలువా పెద్దది, దట్టంగా నేసినదైతే అసలు పష్మీనా (కొండమేకల సన్నటి ఉన్ని) అయినా ఇరుక్కోవచ్చు.

ముందు టేపు తీసుకెళ్లి కొలవండి. ఆడవారిది సుమారు 40 అంగుళాల వెడల్పు, 80 పొడవు. మగవారిది 50, 100. "ఎవరైనా కప్పుకోవచ్చండీ" అంటూ 80 అంగుళాలదే చూపిస్తుంటారు. మగవారు దాన్ని ఒంటికి ఒక చుట్టు తిప్పి భుజం మీద వేసుకుంటే అంచు వీపు దాకా చేరదు, జారుతూనే ఉంటుంది.

తర్వాత బట్ట. కుచ్చు అంచు నుంచి ఒక్క పోగు లాగి కాల్చనిమ్మనండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతే ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే ఎక్రిలిక్ లాంటి కృత్రిమ దారం. ఈ పరీక్ష ఉన్ని అవునా కాదా అన్నంతవరకే చెబుతుంది, మెరినోకీ పష్మీనాకీ తేడా చెప్పదు. కాశ్మీర్ పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. పోగు మందం 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకుండా, నూలు చేత్తో వడికి, చేత్తో నేసినదైతేనే ఆ లేబుల్ ఇస్తారు. మెషీన్ మీద వడకాలంటే సన్నటి పోగు తెగుతుందని నైలాన్ కలుపుతారు, తర్వాత ఆ నైలాన్‌ను ఆమ్లంతో కరిగిస్తారు. ఆమ్లం తగిలిన ఉన్ని బలం తగ్గుతుంది. రెండు మూడు వేలకు "పష్మీనా, చేతికుట్టు" రెండూ ఇస్తామంటే అది జరగని పని. మీ బడ్జెట్ తక్కువైతే రఫల్ అనే మెరినో బట్ట మీద నాలుగువైపులా సన్నటి అంచు కుట్టినది తీసుకోండి. నకిలీ పష్మీనా కన్నా అది నూరు రెట్లు మేలు, బరువు మాత్రం కాస్త ఎక్కువ.

అసలు చూడాల్సింది కుట్టు, అదీ వెనకవైపు. మనం సన్మానాల్లో కప్పే దుశ్శాలువా పేరు "దో షాల్" నుంచి వచ్చింది. రెండు శాలువాలను వెన్నుకు వెన్ను కలిపి, కుట్టు అడుగుభాగం కనబడకుండా చేసేవారు. మీరు మాత్రం ఆ అడుగునే తిరగేసి చూడండి. సన్నసూదితో చేసే సోజ్నీ పనిలో వెనక పోగులు ఒకే పొడవు ఉండవు, రంగు మారినచోట దారం అక్కడికక్కడ ఆగుతుంది, ఏ రెండు పువ్వులూ అచ్చుగుద్దినట్టు ఉండవు. మెషీన్ కుట్టులో పై రంగు ఏదైనా వెనక ఒకే రంగు బాబిన్ దారం పరుచుకుని ఉంటుంది. కొక్కెం సూదితో చేసే ఆరీ వేరే పని: ముందు గొలుసుకుట్టు, వెనక వరస గీతలు. అదీ చేతిపనే, కాకపోతే త్వరగా అవుతుంది కాబట్టి సోజ్నీ ధర పెట్టకండి. వెనక వదులుగా వేలాడే పోగులు ఉంటే వాచీకి, ఉంగరానికి పట్టుకుని లాగేస్తాయి.

శాలువాను బల్ల మీద పరిచి చూడండి. కుట్టు ఉన్నచోట బట్ట ఉబ్బి ముడతలు పడితే దారం బిగించి లాగారన్నమాట. ఇస్త్రీతో ఆ రోజుకు అణుగుతుంది, ఉతికితే మళ్లీ లేస్తుంది. ఉన్ని ముడుచుకున్నంతగా దారం ముడుచుకోదు మరి. ఎర్ర, నీలం దారాల మీద తడి తెల్లగుడ్డ నొక్కితే రంగు అంటుతుందేమో చూడండి. అంటితే ఆ శాలువాను ఎప్పటికీ డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలి.

అంటకపోతే ఇంట్లో చన్నీళ్లలో, ఉన్నికోసం అమ్మే ద్రావణంతో ముంచి తీయవచ్చు. మరకలు పోగొట్టే మామూలు పౌడర్లలో మాంసకృత్తులను కరిగించే ఎంజైములు ఉంటాయి, ఉన్ని కూడా మాంసకృత్తే, అందుకే అవి వద్దు. కుంకుడురసం ముదురు రంగులకు మంచిదే గానీ తెలుపు మీద పసుపు చాయ వదులుతుంది. రుద్దితే, వేడినీళ్లు పోస్తే ఉన్ని గట్టిపడి కుంచించుకుపోతుంది. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేస్తే నీటి బరువుకు సాగుతుంది.

మన దగ్గర శాలువాలు పాడయ్యేది కప్పుకుని కాదు, బీరువాలో. గంధం, కుంకుమ, దండల మరకలు, చెమట ఉన్నచోటే చిమ్మట పురుగులు ముందు తింటాయి. కాబట్టి ఫంక్షన్ నుంచి రాగానే మడత పెట్టేయకండి, శుభ్రం చేయించి పెట్టండి. ఉతికిన పాత మల్లు పంచెలో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో తేమ నిలుస్తుంది. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టండి, బట్టకు తగలనివ్వద్దు. రెండు నెలలకోసారి తీసి నీడలో విదిల్చి, మడత మార్చి పెట్టండి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే అక్కడే చిరుగుతుంది. పురుగు కనిపిస్తే గాలి చొరని కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో మూడు రోజులు ఉంచండి, గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక కవర్ విప్పకుండా మామూలు వేడికి రానివ్వండి, లేకపోతే చెమ్మ పడుతుంది. చిల్లు పడితే చిన్నదిగా ఉన్నప్పుడే రఫూ చేసేవారికి (చిల్లును పోగులతో అల్లి పూడ్చేవారికి) ఇవ్వండి, అదే శాలువా కుచ్చులోంచి పోగు తీసి వాడమని చెప్పండి.